చూడని వేస్ట్‌కి విట్‌నెస్‌గా వేలు పెట్టమంటే? (నర్స్ అనస్థీషియా విద్యార్థి ప్రశ్న)

నైట్‌డ్యూటీ_నర్సు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అమెరికాలో పనిచేస్తున్న సీఆర్‌ఎన్‌ఏలు (మత్తు ఇచ్చే నర్సులు), హాస్పిటల్ ఫార్మసీ వాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. ఐసీయూ నర్సుగా చేసి నర్స్ అనస్థీషియా డాక్టరేట్‌లో చేరాను. క్లాసులు ఓ కొలిక్కి వచ్చాయి, వచ్చే నెల నుంచి ఓఆర్‌లో (ఆపరేషన్ గదిలో) క్లినికల్ మొదలవుతుంది.

సీనియర్ విద్యార్థులు ఒక సంగతి పదే పదే హెచ్చరిస్తున్నారు. కేసు అయ్యాక మిగిలిన ఫెంటనిల్ (అలవాటు పడే ప్రమాదమున్న బలమైన నొప్పి మందు) పారేసేటప్పుడు ఇంకొకరు చూసి పిక్సిస్‌లో (మందులిచ్చే మెషీన్‌లో) విట్‌నెస్‌గా వేలిముద్ర వెయ్యాలి కదా. కొన్ని సైట్లలో (శిక్షణకు వెళ్ళే ఆసుపత్రుల్లో) ప్రీసెప్టర్లు (పని నేర్పే సీనియర్లు) "నేను వేస్ట్ చేసేశాలే, నువ్వు వేలు పెట్టు చాలు" అంటారట. నాలుగైదు కేసుల వేస్ట్ సాయంత్రం ఒకేసారి ఎంటర్ చేసేవాళ్ళు కూడా ఉన్నారట. చూడనిదానికి సంతకం పెట్టకూడదని ఎథిక్స్ క్లాసులో ఒక్క ముక్కలో తేల్చేశారు. కానీ ఆ రోజు నా ఎవాల్యుయేషన్ రాసేది ఆ ప్రీసెప్టరే.

అలా అడిగితే ఎదుటివారిని దొంగ అన్నట్టు కాకుండా ఏమని చెప్పాలి? అసలు విట్‌నెస్ అనేవాళ్ళు ఏం చూడాలి? సిరంజిలో ఉన్నది ఫెంటనిలో సెలైనో కంటికి తెలియదు కదా. ఎవరిమీదైనా నిజంగానే అనుమానం వస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ఓఆర్7_సీఆర్‌ఎన్‌ఏ

మంచి ప్రశ్న అడిగారండీ. క్లినికల్ మొదలవ్వకముందే అడగడం ఇంకా మంచిది, ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించుకునే టైమ్ ఉండదు.

మొదటి రోజే చూసుకోవాల్సింది సైట్ పాలసీ. మీకు ఆర్‌ఎన్ లైసెన్స్ ఉన్నా, విద్యార్థిగా వచ్చినప్పుడు విట్‌నెస్ చేసే అధికారం చాలా ఆసుపత్రులు ఇవ్వవు. కొన్నిచోట్ల పిక్సిస్‌లో యూజర్ ఐడీయే ఇవ్వరు. అలాంటి చోట "విద్యార్థులు విట్‌నెస్ చెయ్యకూడదని పాలసీలో ఉంది, సర్క్యులేటర్‌ని (గదిలో తిరిగే ఓఆర్ నర్సుని) పిలవనా?" అంటే అక్కడితో అయిపోతుంది. ఎవరినీ నొప్పించినట్టు ఉండదు.

పాలసీ ఒప్పుకునే చోట అయితే, మీ జవాబు "వద్దు" అనే మాటతో మొదలవ్వక్కర్లేదు. "సిరంజి ఉందా? ఇప్పుడే కలిసి వేస్ట్ చేసేద్దాం" అనండి. చేతిలో సిరంజి ఉన్నవాళ్ళు చూపిస్తారు, నిమిషంలో పని అయిపోతుంది. ఇప్పటికే పారేశామంటే "నేను చూడలేదు కదా, నా పేరు పెట్టలేను. ఫార్మసీకి ఫోన్ చేసి విట్‌నెస్ లేని వేస్ట్ అని చెబుదామా?" అనండి. దానికి పద్ధతి ఉంది. డిస్క్రిపెన్సీగా (లెక్కలో తేడాగా) నమోదు చేసి, ఎలా జరిగిందో పారేసినవాళ్ళే రాసి సంతకం పెడతారు. ఒకసారి మరిచిపోయినంత మాత్రాన ఎవరి ఉద్యోగమూ పోదు. చూడనివాళ్ళు చూశామని వేలు పెడితే మాత్రం అది తప్పుడు రికార్డు. ఆ తప్పు పారేసినవాళ్ళ ఖాతాలో పడదు, మీ లైసెన్స్ మీద పడుతుంది.

ఇక విట్‌నెస్ చూడాల్సినవి. లెక్క చాలా సులువు: తీసింది ఎంతో, ఇచ్చింది, పారేసింది, తిరిగి పెట్టింది కలిపితే అంత రావాలి. ఒక కేసుకి 250 మైక్రోగ్రాముల వయల్ ఒకటి, 100ది ఒకటి తీశారనుకోండి. ఇండక్షన్‌లో (మత్తులోకి పంపేటప్పుడు) 100, కోత పెట్టేముందు 50, తర్వాత 25 చొప్పున రెండుసార్లు ఇచ్చారు. మొత్తం 200. పెద్ద వయల్లో 50 మిగిలింది, 100 వయల్ మూత తియ్యలేదు కాబట్టి రిటర్న్ బిన్‌లోకి. ఫెంటనిల్ ఎం.ఎల్.కి 50 మైక్రోగ్రాములు కాబట్టి మీ కళ్ళముందు సిరంజిలో సరిగ్గా 1 ఎం.ఎల్. ఉండాలి. స్క్రీన్ మీద కూడా వేస్ట్ 50 అనే ఉండాలి. సిరంజిలో అర ఎం.ఎల్. మాత్రమే కనిపిస్తే వేలు పెట్టకముందే అడగాలి. చాలాసార్లు చార్టులో ఎక్కించని 25 డోసు బయటపడుతుంది, అప్పుడే సరిచేసుకోవచ్చు.

హైడ్రోమార్ఫోన్ అనే నొప్పి మందు దగ్గర ఎక్కువమంది తికమకపడతారు. 1 ఎం.ఎల్.లో 2 మిల్లీగ్రాములు ఉండే వయల్‌ని సెలైన్‌తో 10 ఎం.ఎల్. చేసుకుంటారు. 0.6 మిల్లీగ్రాములు ఇస్తే 3 ఎం.ఎల్. పోయి 7 ఎం.ఎల్. మిగులుతుంది, అంటే 1.4 మిల్లీగ్రాములు. పల్చన చేసినట్టు లేబుల్ మీద రాయకపోతే ఆ 7 ఎం.ఎల్. ఎంతకు సమానమో విట్‌నెస్‌కి తెలిసే దారే లేదు. మందు పేరు, ఎం.ఎల్.కి ఎంత, తేదీ, టైమ్, ఇనీషియల్స్ లేని సిరంజికి నేనైతే విట్‌నెస్ చెయ్యను. మీరూ చెయ్యకండి.

రెమిఫెంటనిల్ ఇన్ఫ్యూజన్ (పంపుతో ఎక్కిస్తూ ఉండే నొప్పి మందు) అయితే పంపు చూపించే వాల్యూమ్ ఒక్కటే చాలదు. 1 మిల్లీగ్రామును 20 ఎం.ఎల్.లో కలిపారు, పంపు 13 ఎం.ఎల్. వెళ్ళిందని చూపిస్తోంది. మిగతా 7 ఎం.ఎల్.లో కొంత సిరంజిలో ఉంటుంది, కొంత ట్యూబులో. ప్రైమ్ చేసేటప్పుడు (ముందుగా ట్యూబుని మందుతో నింపేటప్పుడు) ట్యూబు చివరినుంచి కారిపోయింది ఇంకొంత. నిజాయితీగా పనిచేసేవాళ్ళ లెక్క కూడా తప్పేది ఇక్కడే. ట్యూబులోది వెనక్కి సిరంజిలోకి లాగి కొలిచి, ఆ అంకె రాయాలి. కూడికలో సరిపోవాలని ఊహించి రాసిన అంకె వద్దు.

ఆఖరున, వేస్ట్ డబ్బాలోకి పడేదాకా నిలబడి చూడండి. వేలు పెట్టేసి గదిలోంచి వెళ్ళిపోతే చూసినట్టు కాదు. సింకులో పొయ్యాలా, మందును పనికిరాకుండా చేసే డబ్బాలో పొయ్యాలా అన్నది మీ ఆసుపత్రి నిబంధన.

టర్నోవర్_20నిమిషాలు

ఓఆర్7 గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ పని ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. వరసగా ఎనిమిది కంటిశుక్లం కేసులున్న రోజు, కేసుకీ కేసుకీ మధ్య పది నిమిషాలు ఉండదు. సర్క్యులేటర్ కౌంట్‌లో (పరికరాల లెక్కలో) ఉంటారు, ప్యాకూ (ఆపరేషన్ తర్వాత కోలుకునే గది) నర్సు పేషెంట్‌ని అందుకుంటూ ఉంటారు. విట్‌నెస్ దొరక్కే సాయంత్రానికి వాయిదా పడుతుంది. అందరినీ దొంగల్లా చూడటం న్యాయం కాదు.

ఓఆర్7_సీఆర్‌ఎన్‌ఏ

దొంగల్లా చూడమని అనలేదండీ. మీరు చెప్పిన ఇబ్బంది నిజమైనదే, దానికి పరిష్కారాలూ ఉన్నాయి. మొదటిది, పెద్ద వయల్ తియ్యకపోవడం. చిన్న కేసుకి 100 మైక్రోగ్రాముల వయల్ సరిపోతుంది, చాలాసార్లు వేస్టే ఉండదు. కంగారు తగ్గించే మిడజోలం 2 మిల్లీగ్రాముల వయల్‌లో 1 మాత్రమే ఇచ్చే పేషెంట్ అని ముందే తెలిస్తే, ప్రీఆప్‌లోనే ఆ నర్సు ముందు సగం వేస్ట్ చేసేయొచ్చు. ఇంకోటి, పేషెంట్‌ని గదిలోంచి కదిలించకముందే, డ్రెస్సింగ్ వేస్తుండగా సర్క్యులేటర్‌ని రెండు నిమిషాలు అడగడం. కౌంట్ అప్పటికి అయిపోయి ఉంటుంది. అదీ కుదరకపోతే లేబుల్ ఉన్న సిరంజిని మూతపెట్టి, కార్టులో తాళం వేసే సొరుగులో ఉంచి, ప్యాకూలో పేషెంట్‌ని అప్పగించాక వచ్చి వేస్ట్ చెయ్యాలి. జేబులో మాత్రం వద్దు. స్క్రబ్స్ జేబులో నాలుగు కేసుల సిరంజిలు పోగైతే ఏది ఎవరిదో సాయంత్రానికి మీకే తెలియదు.

మధ్యలో రిలీఫ్ వచ్చినప్పుడు కూడా అంతే. కొన్ని ఆసుపత్రుల్లో కంట్రోల్డ్ మందుల సిరంజి ఒకరినుంచి ఒకరికి చేతులు మారకూడదు. వెళ్ళేవాళ్ళు తమది వేస్ట్ చేసి వెళ్తారు, వచ్చినవాళ్ళు తమ పేరుమీద కొత్తది తీసుకుంటారు. చేతులు మారనిచ్చే చోట ఎన్ని మైక్రోగ్రాములు అప్పగించారో ఇద్దరూ రాస్తారు. "అక్కడ కొంచెం ఫెంట్ ఉంది చూడు" అని చెప్పి వెళ్ళిపోవడం హ్యాండాఫ్ కిందికి రాదు.

ఫార్మసీ_లెక్కలు

మందులు లెక్కచూసే పక్కనుంచి నాలుగు మాటలు. సిరంజిలో ఉన్నది ఫెంటనిలో సెలైనో కంటికి తెలియదన్న మాట నిజమే. అందుకే చాలా ఆసుపత్రుల్లో వేస్ట్ సిరంజిలను అప్పుడప్పుడు ఫార్మసీకి పంపించుకుని రిఫ్రాక్టోమీటర్‌తో (ద్రవంలో కాంతి వంగే తీరును కొలిచే పరికరంతో) పరీక్షిస్తారు. విట్‌నెస్ చూసేది లేబుల్, వాల్యూమ్, పారెయ్యడం. లోపల ఉన్నదేమిటో చూసుకునే పని మాది. ఒకరి పని ఇంకొకరు చేసినట్టు సంతకం పెడితే రెండు కాపలాలూ పోతాయి.

మా రిపోర్టుల్లో ఏవి కంటికి తగులుతాయో చెప్తాను, భయపెట్టడానికి కాదు. ఒకే రకం కేసులు చేసే తోటివాళ్ళకన్నా ఒకరు చాలా ఎక్కువ ఫెంటనిల్ తియ్యడం. చార్టులో డోసు టైమ్, మందు మెషీన్‌లోంచి తీసిన టైమ్‌కన్నా ముందుండటం. రద్దయిన కేసు పేరుమీద మందు తియ్యడం. పేషెంట్ పేరుమీద 400 మైక్రోగ్రాములు రాసి ఉండి, ప్యాకూకి వచ్చేసరికి ఆ మనిషి నొప్పితో విలవిల్లాడటం. ఎప్పుడూ ఒకే ఇద్దరు ఒకరికొకరు విట్‌నెస్ చేసుకోవడం. వీటిలో ఏ ఒక్కటీ దొంగతనానికి రుజువు కాదు. మంచి కారణం ఉన్నవే ఎక్కువ. కానీ చూడకుండా వేలు పెట్టే అలవాటున్న చోట, కారణం ఉన్నదేదో లేనిదేదో మేము విడదియ్యలేం. విద్యార్థి వేలిముద్ర ఊరికే పోదు అంటున్నది ఇందుకే.

ఇంకో విషయం ఎవరూ అనలేదు. తీసిపెట్టిన సిరంజిని కార్టు మీద వదిలి బయటికి వెళ్ళడం. 2009లో డెన్వర్‌లో బయటపడ్డ ఉదంతం గుర్తుచేసుకోండి. ఒక సర్జికల్ టెక్నీషియన్ ఓఆర్‌లలో కేసు కోసం తీసిపెట్టిన ఫెంటనిల్ సిరంజిలు ఎత్తుకుని, తను వాడేసిన సిరంజిల్లో సెలైన్ నింపి వాటి స్థానంలో పెట్టింది. ఆమెకు హెపటైటిస్ సి ఉంది. పద్దెనిమిది మందికి దాకా సోకింది. ఆమెకు 30 ఏళ్ళ జైలు పడింది. ఆ సిరంజిలు తీసినవాళ్ళెవరూ దొంగలు కారు, కంటిముందు లేకుండా వదిలేశారు, అంతే. ఆ పేషెంట్లకు అందాల్సిన ఫెంటనిల్ అందలేదు, అందకూడని వైరస్ అందింది. కాబట్టి గదిలోంచి అడుగు బయట పెడుతున్నప్పుడు కార్టుకు తాళం వెయ్యడాన్ని చాదస్తం అనుకోకండి.

ముందే నింపి పెట్టుకోవడం గురించి ఒక ముక్క. 2023 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన యూఎస్‌పీ 797 (స్టెరైల్ మందులు కలిపే ప్రమాణం) ప్రకారం వెంటనే వాడే సిరంజికి గడువు 1 గంట నుంచి 4 గంటలకు పెరిగింది. పొద్దున్నే రోజంతటికీ నింపుకోవచ్చని దీనర్థం కాదు.

శ్వాస_నాడి

మూడో ప్రశ్నకు నేను చెప్తానండీ, ఎందుకంటే దీన్లో మంచి మనసుతో చేసే పొరపాటే ప్రాణం తీస్తుంది.

తోటి అనస్థటిస్ట్ మందు తీసుకుంటున్నారని అనుమానం వస్తే, మనకు మొదట తట్టేది పక్కకు తీసుకెళ్ళి "ఏమైంది, నాకు చెప్పు" అని అడగడం. అది ఒంటరిగా ఎప్పుడూ చెయ్యకండి. దొరికిపోయామని తెలిసిన గంటలే వాళ్ళకు అన్నిటికన్నా ప్రమాదం. ఇంటికెళ్ళి ఎక్కువ డోసు తీసుకోవడమో, ప్రాణం తీసుకోవడమో జరగొచ్చు. విద్యార్థిగా మీరు చెయ్యాల్సింది చూసినవి చూసినట్టు, తేదీ, టైమ్‌తో రాసుకోవడం. "ఫలానా కేసులో వేస్ట్ 100 అని రాసి ఉంది, సిరంజి ఖాళీగా ఉంది" అని రాయండి. "అలవాటు పడినట్టున్నారు" అని రాయకండి, ఆ నిర్ధారణ మీ పని కాదు. ఆ కాగితాన్ని అదే రోజు మీ ప్రోగ్రామ్ క్లినికల్ కోఆర్డినేటర్‌కీ, సైట్‌లో చీఫ్ సీఆర్‌ఎన్‌ఏకీ ఇవ్వండి. ఆ మనిషి ఆ క్షణంలో మత్తులో ఉండి పేషెంట్ దగ్గర ఉంటే మాత్రం ఆగకూడదు. చార్జ్‌లో ఉన్న అనస్థటిస్ట్‌ని అప్పుడే పిలవాలి, గదిలో బదులు మనిషి నిలబడాలి.

అక్కడినుంచి పద్ధతి తెలిసినవాళ్ళు నడిపిస్తారు. పక్కన మనిషి లేకుండా వదలరు, కారు నడపనివ్వరు, నేరుగా పరీక్షకీ చికిత్సకీ తీసుకెళ్తారు. మామూలు ఓపియేట్ స్క్రీన్‌లో ఫెంటనిల్ కనపడదు, దానికి, ప్రొపోఫాల్‌కి (నిద్రపుచ్చే మత్తుమందు) వేరేగా అడగాలి. ఇది తెలియక "టెస్ట్ నెగటివ్ వచ్చింది" అని వెనక్కి పంపే ప్రమాదం ఉంది.

సీఆర్‌ఎన్‌ఏల సంఘం ఏఏఎన్‌ఏకి దీనికోసమే పీర్ అసిస్టెన్స్ హెల్ప్‌లైన్ ఉంది, సంగతి బయటికి పొక్కదు. ఆ సంఘానికే అధ్యక్షురాలిగా చేసిన జాన్ స్టివర్ట్ 2002లో సుఫెంటనిల్ ఓవర్‌డోసుతో చనిపోయారు. ఆమె పేరుమీద సంఘం ఏటా వెల్‌నెస్ ప్రసంగం పెడుతోంది. పెద్ద పదవిలో ఉన్నవాళ్ళకు రాదనో, బాగా పనిచేసేవాళ్ళకు రాదనో అనుకోవద్దని ఇది చెప్తున్నాను. అలవాటు మొదలయ్యాక ఆఖరున దెబ్బతినేది పనే, ముందు ఇల్లు దెబ్బతింటుంది. అదనపు షిఫ్టులు అడిగి మరీ తీసుకునేవాళ్ళు, సెలవు రోజున కూడా ఓఆర్ చుట్టూ తిరిగేవాళ్ళు బయటికి మహా కష్టజీవుల్లా కనిపిస్తారు.

చికిత్స తర్వాత కనీసం ఏడాది పాటు అనస్థీషియా పనికి దూరంగా ఉండాలన్నది ఏఏఎన్‌ఏ సూచన. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెప్పకుండా జరిపే పరీక్షలు, చాలామందికి నాల్ట్రెక్సోన్ (ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే మందు), కొన్నాళ్ళు కంట్రోల్డ్ మందులు ముట్టుకోకుండా పని. చాలా రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల్లో శిక్షకు బదులు చికిత్స దారి ఉంది. మీరు చెప్పడం వల్ల ఒకరి బతుకు పాడైపోతుందన్న భయం ఉంటే ఇదంతా తెలుసుకుని ఉండండి. చెప్పకపోతే ఏమవుతుందో రికార్డులో ఉంది.

ఎండోస్కోపీ_గది

మందుల లెక్కే కాదు, "పైవాళ్ళు చెప్పారు" అని చేసిన మిగతా పనులూ ఇదే కోవ. లాస్ వెగాస్ కేసు ప్రతి నర్స్ అనస్థీషియా విద్యార్థీ చదవాలి.

2008 మొదట్లో అక్కడి ఒక ఎండోస్కోపీ సెంటర్‌లో హెపటైటిస్ సి గుంపుగా బయటపడింది. ప్రొపోఫాల్ ఇచ్చేవాళ్ళు నర్స్ అనస్థటిస్ట్‌లు. జరిగింది ఇది: కొత్త సిరంజి, కొత్త సూదితో మొదటి డోసు. పేషెంట్‌కి ఇంకొంచెం కావాలి. సూది మార్చారు, సిరంజి మార్చలేదు. అదే సిరంజితో వయల్లోంచి మళ్ళీ తీశారు. ఐవీలోంచి వెనక్కి వచ్చిన రక్తం, కంటికి కనిపించనంత, సిరంజి గొట్టంలో ఉంటుంది. అది వయల్లోకి వెళ్ళింది. ఒక్క పేషెంట్‌కే వాడాల్సిన వయల్లో మందు మిగిలింది కదా అని తర్వాతి పేషెంట్‌కి వాడారు. తర్వాతి పేషెంట్‌కి కొత్త సిరంజి, కొత్త సూది పెట్టినా వైరస్ వయల్లోంచే వచ్చింది. సూది మారిస్తే చాలనుకోవడమే మొత్తం తప్పుకు మూలం. దాదాపు 40,000 మందికి రక్తపరీక్ష చేయించుకోమని ఉత్తరాలు వెళ్ళాయి, తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది.

దానికి ఆరేళ్ళ ముందు, 2002లో, ఓక్లహామాలోని నార్మన్‌లో ఒక నొప్పి క్లినిక్‌లో ఇంకా ఘోరం. ఒక్కో మందుకు ఒకే సూది, ఒకే సిరంజి, ఒక సెషన్‌లో 24 మంది దాకా. వాడింది నర్స్ అనస్థటిస్టే. అన్నేళ్ళు తెలిసి కూడా వెగాస్‌లో మళ్ళీ జరిగింది.

వెగాస్ విచారణలో ఇంకోటి బయటికొచ్చింది, మీ ప్రశ్నకు దగ్గరిది. కొలనోస్కోపీ కొద్ది నిమిషాల్లో అయిపోయినా అనస్థీషియా టైమ్ 31 నిమిషాలని రాసేవారు. అనస్థీషియా బిల్లు 15 నిమిషాల యూనిట్ల లెక్కన నడుస్తుంది, 30 దాటితే ఇంకో యూనిట్‌కి డబ్బు అడగొచ్చు. ఆ అంకెను చార్టులో చేత్తో రాసింది నర్స్ అనస్థటిస్ట్‌లు. 2013లో సెంటర్ యజమాని అయిన డాక్టర్‌తో పాటు ఒక నర్స్ అనస్థటిస్ట్‌ని కూడా కోర్టు దోషిగా తేల్చింది, ఇంకొకరు అంతకుముందే నేరం ఒప్పుకున్నారు. తన నిర్ణయాలకూ తన పనికీ సీఆర్‌ఎన్‌ఏ తనే జవాబుదారీ అని ఏఏఎన్‌ఏ నియమావళి చెప్పేది ఇందుకే. డాక్టర్ చెప్పారన్నది అక్కడ జవాబు కాలేదు.

కాబట్టి టైమ్ గురించి స్పష్టంగా ఉండండి. ఓఆర్‌లో గానీ దానికి సమానమైన చోట గానీ పేషెంట్‌ని ఇండక్షన్‌కి సిద్ధం చెయ్యడం మొదలుపెట్టినప్పుడు లెక్క మొదలు. ప్యాకూ నర్సుకి క్షేమంగా అప్పగించగలిగినప్పుడు ఆఖరు. బీపీ, గుండె వేగం కనీసం ఐదు నిమిషాలకోసారి నమోదు. ఎలక్ట్రానిక్ చార్ట్ అయితే వాటంతట అవే పడతాయి, మీరు మార్చిన ప్రతి అంకె వెనక ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు మార్చారన్న జాడ) ఉంటుంది. డయాథర్మీ (సర్జన్ వాడే కరెంటు పరికరం) వల్ల తప్పుగా పడ్డ రీడింగ్‌ని తొలగించి కారణం రాస్తే సరే. 78/40ని 98/60గా మారిస్తే అది చార్టు దిద్దడం. "ఎమర్జెన్స్ (మత్తులోంచి మేల్కోవడం) ప్రశాంతంగా జరిగింది, ట్యూబ్ తీశాం" అని పేషెంట్ ఇంకా నిద్రలో ఉండగానే క్లిక్ చేసేసే అలవాటు కూడా వద్దు. ఆ పేషెంట్‌కి లారింగోస్పాజమ్ (గొంతు బిగుసుకుని ఊపిరి ఆడకపోవడం) వస్తే మీ రికార్డులో రెండు వేర్వేరు కథలుంటాయి.

డాక్టర్ మెడికల్ డైరెక్షన్ (డాక్టర్ పర్యవేక్షణ) కింద బిల్లు చేసే చోట ఇండక్షన్‌కీ ఎమర్జెన్స్‌కీ ఆయన గదిలో ఉన్నట్టు రాసుకుంటారు. ఆ మాట మీచేత టైప్ చేయించకుండా చూసుకోండి. ఆయన ఉన్నారని ఆయనే రాయాలి.

విద్యార్థిగా మీ సొంత లాగ్ కూడా ఇందులోకే వస్తుంది. చదువు పూర్తయ్యేలోపు కనీసం 600 కేసులు, 2,000 క్లినికల్ గంటలు కావాలి కాబట్టి ఒత్తిడి ఉంటుంది. పక్కన నిలబడి చూసిన ఎపిడ్యూరల్‌ని వేసినట్టు రాసుకుంటే, రేపు ఉద్యోగంలో ఆ చెయ్యి మీదే అవుతుంది, నేర్చుకోని చెయ్యి.

గుంటూరు_మత్తుడాక్టర్

మన దగ్గర నర్స్ అనస్థటిస్ట్ అనే కేడర్ లేదు, మత్తు ఇచ్చేది అనస్థీషియా చదివిన డాక్టరే, పక్కన ఓటీ టెక్నీషియన్ ఉంటారు. కానీ సమస్య ఒకటే. ఫెంటనిల్, మార్ఫిన్ ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందివి. 2014 సవరణ తర్వాత గుర్తింపు పొందిన సంస్థలు రిజిస్టర్ పెట్టి వాడాలి. కెటమిన్ అనే మత్తుమందు 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్ (కట్టుదిట్టమైన నియంత్రణ ఉన్న మందుల జాబితా). చాలాచోట్ల ఖాళీ ఆంప్యూల్ ఫార్మసీకి తిరిగి ఇస్తేనే కొత్తది ఇస్తారు. అది ఆంప్యూల్‌ని లెక్కపెడుతుంది తప్ప దాన్లో మిగిలిన మందును కాదు. 2 ఎం.ఎల్. ఆంప్యూల్లో 1 ఎం.ఎల్. ఇచ్చి మిగతాది ఏం చేశారన్నది రిజిస్టర్‌లో ఒక గడి ఉంటేనే తెలుస్తుంది. మీ అమెరికా వాళ్ళు విట్‌నెస్ అన్న ఆ గడి ఇక్కడి ప్రతి ఓటీలో ఉండాలని నా అభిప్రాయం.

ఓఆర్7_సీఆర్‌ఎన్‌ఏ

ఎండోస్కోపీ గది గారి మాటకు కొసరుగా ఒకటి, ఇది ప్రత్యేకించి మనవాళ్ళకు. ఊళ్ళో తెలుగువాళ్ళు ఎక్కువుంటే మీరు పనిచేసే ఆసుపత్రికే వాళ్ళ అమ్మానాన్నలు ఆపరేషన్‌కి వస్తారు. "మా అత్తగారిది ఎలా జరిగిందో సిస్టమ్‌లో ఓసారి చూసి చెప్పమ్మా" అని ఫోన్ వస్తుంది. ఆ పేషెంట్ మీ కేసు కాకపోతే చార్ట్ తెరవకండి. ఎవరు ఏ చార్ట్ తెరిచారో ఆసుపత్రి చూస్తుంది, హిపా (పేషెంట్ వివరాల గోప్యత చట్టం) కింద ఉద్యోగం పోయేది ఇలాంటి మంచితనంతోనే. "నాకు ఆ చార్ట్ చూసే అధికారం లేదు ఆంటీ, వార్డు నర్సుని అడగండి, మీకే చెప్తారు" అంటే చాలు. గాభరాగా ఉన్న పెద్దావిడతో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడి ధైర్యం చెప్పడం చక్కటి పని, తప్పక చెయ్యండి. కన్సెంట్‌కి మాత్రం ఆసుపత్రి అర్హత చూసి పెట్టిన ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్‌లో తీసుకోండి. "స్పైనల్‌లో నరం దెబ్బతినే అవకాశం" అన్నదాన్ని ఆవిడ భయపడతారని మెత్తగా చెప్పెయ్యాలనిపిస్తుంది మనకు. అలా మెత్తబడ్డ కన్సెంట్ కన్సెంట్ కాదు.

పరిచయం చేసుకునేటప్పుడు కూడా "నేను నర్స్ అనస్థటిస్ట్ విద్యార్థిని" అని మొత్తం చెప్పండి. డాక్టరేట్ చేతికొచ్చాక "డాక్టర్" అన్నా పక్కనే "నర్స్ అనస్థటిస్ట్" అని ఉండాలి. మన పెద్దవాళ్ళకు ఆ తేడా ఎవరూ చెప్పరు, మీరు చెప్తేనే తెలుస్తుంది.

నైట్‌డ్యూటీ_నర్సు

చాలా చాలా థాంక్సండీ అందరికీ. సైట్ పాలసీ ఇప్పుడే అడిగి తెప్పించుకున్నాను, విద్యార్థులు విట్‌నెస్ చెయ్యకూడదని స్పష్టంగా రాసి ఉంది. ఒక్కటే మిగిలింది. ప్రీసెప్టర్ తన ఐడీతో లాగిన్ అయి ఉండగా "మందు నువ్వు తీసుకో" అంటే?

ఫార్మసీ_లెక్కలు

తియ్యకండి. ఆ మందు ఆయన పేరుమీద పడుతుంది, మీ చేతిలో ఉంటుంది. ఆయన్నే తియ్యమనండి. తీసిన మందును ఆయన ముందే సిరంజిలోకి లాగి, లేబుల్ వేసి, ఎంత ఇస్తున్నారో పైకి చెప్పి ఇవ్వండి. కేసు అయ్యాక మిగిలింది ఆయనా సర్క్యులేటరూ వేస్ట్ చేస్తారు. మీకు సొంత ఐడీ ఇచ్చే సైట్‌కి వెళ్ళినప్పుడు మొదటి రోజే ఫార్మసీకి వెళ్ళి మీ వేలిముద్ర ఎక్కించుకోండి. తాత్కాలిక పాస్‌వర్డ్‌తో నెట్టుకురాకండి.